పెనుకొండకు లేని స్టాంపు

ధర్మవరం,
12 అక్టోబరు 1998

ఒరేయ్ తిమ్మా,

నీ అక్క రామాంజినమ్మ రాసేది. నువ్వు బాగుండావా అని అడగను. నీలాంటోళ్ళ దగ్గరికి జలుబు కూడా రాదు. సిద్ధమ్మ బాగుండాదా అని అడుగుతాండా, నీతో కాపురం చేసేది ఆ పిల్ల కదా.

ఈడ సంగతి బాగలేదప్పా. మీ బావ మగ్గం మానేస్తాడంట. సావుకారు చీర వెనక్కి పంపినాడు. "అశ్వర్థప్పా, ఈ హంసలు, ఈ మామిడి పిందెలు ఊర్లో ప్రతి ఇంట్లో నేస్తాండారు. మిల్లోళ్ళు ఇదే అంచు చవగ్గా దించుతాండారు. కొత్తది ఏమన్నా ఉంటే తీసుకురా, లేదంటే ఇంగ పట్టు అడగొద్దు" అన్నాడంట. మీ బావ ఇంటికొచ్చి మగ్గం గుంతలో కాళ్ళు పెట్టుకోని ఊరికే కూచున్నాడు. 

"మార్చిలో కదిరి తేరు దాకా చూస్తా. తేరు అయినాక ఈ గుంత పూడ్చి పైన సిమెంటు వేపిస్తా. బెంగళూరులో వాచ్‌మెన్ పనికి పోతా" అన్నాడు. మా మామ తవ్విన గుంత అది. నేను కాపురానికి వచ్చినప్పటి నుంచి ఆ గుంతలో కాళ్ళు తొక్కే చప్పుడుకే నిద్ర లేస్తాండా. సిమెంటు మీద ఎట్ల లేసేదిరా నేను?

నువ్వు వస్తే నవ్విస్తావు. కానీ నువ్వు రాకుండా చేసుకున్యావు. సినిమావాళ్ళు నీ మగ్గాన్ని పటం తీసేకి వస్తాండారు బావా అని చెప్పి, గడ్డం గీపిచ్చి, పట్టుపంచ కట్టిచ్చి, పొద్దుగూకే దాకా మగ్గం మీద కూచోబెడితివి. వీధంతా వచ్చి చూసి పాయ. సినిమావాళ్ళు మాత్రం రాలేదు. తన మగ్గాన్ని ఎవరో చూసేకి వస్తాండారని ఆ మనిషి ఎంత సంబరపడినాడో నీకేం తెలుసు? "వాడు నా గడప తొక్కకూడదు" అన్నాడు, ఇప్పటికీ అదే మాట.

అందుకని రావద్దు. జాబు రాయి. జాబు వస్తే గడప తొక్కినట్ల కాదు కదా. కార్డు రాయొద్దు, మా పోస్టుమేను చదివి వీధికంతా చెప్తాడు. కవరు రాయి.

నీ అక్క

*

నట్టడివి,
25 అక్టోబరు 1998

అక్కా,

కవరు మీద స్టాంపు చూసినావా? చూడకుండా చింపింటే మళ్ళా అతికిచ్చి చూడు. నిట్టనిలువు చెట్లు, వాటి కింద ఏనుగు. నేను ఆ ఏనుగు వెనకాలే ఉండా. అది అడ్డం నిలబడింది కాబట్టి కనపడలేదు.

మన హిందూపురం పట్టుగూళ్ళ మార్కెట్లో లారీకి మనిషి కావల్లంటే ఎక్కేసినా. దేశమంతా తిరుగుతాదంట. సర్కారోళ్ళు కొత్త రూలు పెట్టినారు, మీ ధర్మవరానికి ఇంకా తెలిసినట్ల లేదు. ఏ ఊరి పోస్టాఫీసులో ఆ ఊరి బొమ్మ స్టాంపే అమ్మల్లంట. అడివిలో అడివిది, కొండ మీద కొండది. ఇంగ మీదట నేను యాడుండానో అడిగే పనే లేదు, స్టాంపు చూసుకో. నువ్వు మాత్రం జాబులు హిందూపురం ఇంటికే రాయి, సిద్ధమ్మ లారీ ఆఫీసులో ఇస్తే నాకు చేరుస్తారు.

మూడో తరగతిలో అయ్యవారి కుర్చీ కింద కోడిని పొదగబెట్టి ఇస్కూలు నుంచి బయటికొచ్చినోణ్ణి. ఇన్నాళ్ళకు దేశం చూస్తాండా. కోడికి నమస్కారం.

బావకు చెప్పు, ఈడ ఏనుగులు రాత్రంతా వాచ్‌మెన్ పనే చేస్తాండాయి. పాపం వాటికి మగ్గం రాదు కదా, ఏం చేస్తాయి. వచ్చినోడికి ఆ పనెందుకు అని అడిగినానని చెప్పు.

ఏనుగు తోక పక్క నుంచి,
నీ తమ్ముడు తిమ్మరాజు

*

ధర్మవరం,
8 నవంబరు 1998

తిమ్మా,

నీ జాబు చూసి గుండె జారిపాయ. పొద్దుగూకినాక లారీ దిగొద్దు. పెండ్లాం ఉండేటోడివి, ఏనుగుతో పరాచికాలు ఆడొద్దు, అది మీ బావ మాదిరి అలిగి ఊరుకోదు.

స్టాంపు మీ బావకు చూపిచ్చినా. నవ్వినాడా అంటే లేదు. కానీ పోగులు ఎంచుకునే భూతద్దం ఉండాది కదా, అది తెచ్చి చానా సేపు చూసినాడు. "చెట్లు పడుగు పోగుల మాదిరి నిలబడినాయే" అన్నాడు. సావుకారు ఇంటి నుంచి వచ్చినాక ఆ నోట్లో నుంచి వచ్చిన మొదటి మంచి మాట అది.

అయితే పోస్టాఫీసోళ్ళు బొమ్మ నెత్తినే ముద్ర కొట్టి సగం అడివి మసి చేసినారు. ఏనుగుకు తొండమే లేకుండా పాయ. నువ్వు ఇంకా ఆ అడివిలోనే ఉంటే అదే స్టాంపు వేసి ఇంకో జాబు రాయి. ముద్ర మూలకు, తేటగా కొట్టమని బతిమాలు.

ఓబుళదేవర నిన్ను చల్లగా చూడనీ. సిద్ధమ్మకు దుడ్లేమన్నా పంపుతాండావా లేదా?

నీ అక్క

*

అదే అడివి, అదే ఏనుగు,
21 నవంబరు 1998

అక్కా,

చూసుకో, ఈసారి తొండం. తోక కూడా ఉండాది. ఈ అడివి పోస్టాఫీసు గుమాస్తా భలే మనిషి. "మా అక్క అడివిని ముద్దుగా చూసుకుంటాది సామీ, మసి చేయద్దు" అని కాళ్ళు పట్టుకున్నంత పని చేస్తే, ముగ్గు పెట్టినట్ల మూలకు పెట్టినాడు ముద్ర. నీకోసం ఎవరి కాళ్ళు పట్టుకోల్ల ఇంకా?

ఏనుగుకు నా బీడీ వాసన పడలేదు. రెండు దినాలు మూతి ముడుచుకున్నింది. చెనిక్కాయలు పెట్టి మంచి చేసుకున్యా. బావను కూడా అట్ల మంచి చేసుకోవచ్చా? ఎన్ని శేర్లు కావల్లో రాయి.

వచ్చే నెల లారీ కాశ్మీరం పోతాదంట.

ఇట్లు,
ఏనుగు దోస్తు తిమ్మరాజు

*

ధర్మవరం,
6 డిసెంబరు 1998

తిమ్మా,

జాబు అందింది. ఏనుగు బాగుండాది. ముద్ర కూడా చానా బాగా పడింది.

కాశ్మీరం పోతాండావు కాబట్టి ఒక మాట. ఆడ మంచు కొండలు ఉంటాయి కదా, ఆ కొండ కిందికి పోయి జాబు రాయి. కొండ కొన నిండుగా కనపడల్ల. తర్వాత ఎప్పుడన్నా లారీ కేరళం పక్క పోతే పడవలు ఉండే చోట దిగు. నీళ్ళల్లో చెట్టు నీడ పడే చోటైతే ఇంకా మంచిది. నీకు ఊరికే తిరగడమే కదా పని, మేము అడిగిన చోట తిరిగితే ఏమి?

చలికి చస్తావని మా వీధి ముత్యాలమ్మ చేత హిందూపురానికి కంబళి పంపుతాండా. సిద్ధమ్మ లారీ ఆఫీసులో ఇస్తే నీకు చేరుస్తారంట.

మీ బావ సంగతి అంతుపట్టలేదు. గళ్ళ కాగితాలు కట్ట తెచ్చుకున్నాడు. పొద్దన లేస్తే పెన్సిలు పట్టుకుంటాడు, ఏమో గీస్తాడు, చెరుపుతాడు. అడిగితే "నీకెందుకు" అంటాడు. బెంగళూరు పనికి అప్లికేషనేమో.

నీ అక్క

*

కాశ్మీరం,
3 జనవరి 1999

అక్కా,

మంచు కొండ, కొనతో సహా. ఎక్కి దిగేసరికి నా మోకాళ్ళు పాయ. కంబళి అందింది. ఇప్పుడు దాన్ని కప్పుకోనే రాస్తాండా. ఒళ్ళంతా చెమట, అదే, మంచు కరిగి కారుతాండాది.

సిద్ధమ్మ లారీ ఆఫీసోళ్ళకు చెప్పి పంపింది, "మా వదిన అంత ఇదిగా పంపితే మిట్టమధ్యాన్నం కూడా తీయకుండా కప్పుకోవల్ల, నేను కనిపెట్టి చూస్తాంటా" అని. అంత దూరం నుంచి ఎట్ల చూస్తాదో ఆ మహాతల్లి! చూస్తాండాది అక్కా.

బావ అప్లికేషను సంగతి చదివి నాకు బువ్వ సయించలేదు. గళ్ళ కాగితం మీద అప్లికేషను ఎవరు రాస్తారు? బెంగళూరోళ్ళు లెక్కలు కూడా అడుగుతారా గేటు తీసేకి? ఆ కాగితాలు పొయ్యిలో పెట్టు. నేను చెప్పినానని చెప్పొద్దు. ఎలుక కొట్టిందని చెప్పు.

నేను నవ్వులాటకు చెప్పడం లేదు. బావ మగ్గం దిగితే ఆ మనిషి బెంగళూరులో ఎవరి గేటు దగ్గరో కూచోని, పోయే వచ్చే చీరల అంచులు చూస్తా చూస్తా చస్తాడు.

గడ్డ కట్టిన చేత్తో,
తిమ్మరాజు

*

ధర్మవరం,
4 ఫిబ్రవరి 1999

తిమ్మా,

కొండ అందింది. పడవలు ఏమైనాయి? కేరళం దారి మర్చిపాయెనా లారీ? బిరీన పోవల్ల. తేరుకు ఇంగ నెల దినాలే ఉండాది.

మేస్త్రీ వచ్చినాడు నిన్న. మీ బావ, ఆ మేస్త్రీ కలిసి గుంత కొలిచినారు, పైన దూలం దాకా కొలిచినారు. ఏమేమో మాట్లాడుకున్యారు. నేను పోతే మాట ఆపేసినారు. సిమెంటు మూటలు వసారాలో దిగినాయి. నేను నోరు తెరవలేదు.

పడవలు మర్చిపోవద్దు. జింకలుండే చోటు దారిలో తగిలితే ఆడ కూడా దిగు.

నీ అక్క

*

పడవ మీద నుంచి,
16 ఫిబ్రవరి 1999

అక్కా,

ఇవిగో పడవలు. ఇదిగో నీళ్ళల్లో నీడ. జింకలు కూడా పక్కనే అతికిచ్చినా. ఇవి దొరకబుచ్చుకునేసరికి నా పానం పోయింది, ఎన్ని పోస్టాఫీసులు తిరిగినానో ఆ దేవునికే తెలుసు. అదే, పడవ ఎన్ని ఊర్లలో ఆగిందో.

సిమెంటు మూటలు దిగితే నువ్వు నోరు తెరవలేదా? మా అమ్మ కడుపున పుట్టినదానివేనా నువ్వు? చిన్నప్పుడు పెనుకొండలో కోట గోడ ఎక్కి నన్ను తిట్టిన నోరు, కిందికి తోసిన చేయి యాడ పోయినాయి? తేరు దినానికి నేను వస్తాండా. గడప తొక్కకూడదు అంటే కిటికీలో దూరుతా. పోయి గుంతలో కూచుంటా. నన్ను కూడా కలిపి పూడ్చుకోమను. పైన సిమెంటు నున్నగా వేసుకోమను.

నగుబాటు పనులు చేసి చేసి, నిజంగా అవసరం వచ్చినప్పుడు గడప తొక్కేకి లేకపాయ నాకు.

తిమ్మరాజు

*

ధర్మవరం,
26 ఫిబ్రవరి 1999

తిమ్మా,

రావద్దు. నా మీద ఒట్టు. నేను పిలిచినప్పుడు రా. ఈ లోపల కిటికీలు, గోడలు అంటే కాళ్ళు ఇరగ్గొడతా.

పడవలు చానా బాగుండాయి.

ఇంగ ఒకే ఒక స్టాంపు కావల్ల. పెనుకొండది. ఏ ఊరి పోస్టాఫీసులో ఆ ఊరి బొమ్మే అమ్మల్లని సర్కారోళ్ళ రూలు కదా. పెనుకొండ పోస్టాఫీసులో మన కొండ స్టాంపు ఉండి తీరల్ల. కోట గోడ, వాకిలి అన్నీ కనపడేది చూసి పంపు. మనం పుట్టిన ఊరు, దారి చెప్పాల్సిన పని లేదు నీకు.

నీ అక్క

*

పెనుకొండ (నిజంగా),
3 మార్చి 1999

అక్కా,

పెనుకొండ స్టాంపులు అయిపోయినాయి. మన కొండంటే గిరాకీ జాస్తి కదా, అచ్చు వేసిన పొద్దే ఎగరేసుకోని పోయినారంట. మళ్ళా ఎప్పుడొస్తాయి సామీ అంటే, గుమాస్తా నా మొగం చూసి "ఏమబ్బా, నీ ఆరోగ్యం బాగుండాదా?" అని అడిగినాడు.

నాకు కోపమొచ్చింది అక్కా. ఎక్కడెక్కడివో కొండలకు, కుంటలకు, అడివి పందికి కూడా స్టాంపు ఉండాది. ఇంత కొండ, ఇంత కోట, మన కొండకు లేదు. మనం ఎక్కి ఆడుకున్న కొండే కదా, ఏం తక్కువ దానికి?

ఈ కవరు మీద మామూలు స్టాంపే. గుంత సంగతి రాయి. సిమెంటు వేసినారా? అవును, లేదు, ఒక మాట చాలు.

తిమ్మరాజు

*

ధర్మవరం,
18 ఏప్రిలు 1999

నా దొంగనాయాలా,

సిమెంటు వేసినాము. గుంతలో కాదు, గుంత పక్కన. చీరలో బొమ్మలు దించే పెద్ద జకార్డు మిషను మగ్గం మీదికి ఎక్కిచ్చేకి దిమ్మెలు కట్టల్ల కదా, మేస్త్రీ కొలిచింది దానికి. గళ్ళ కాగితాల మీద మీ బావ గీసింది అప్లికేషను కాదు, డిజైను. ఆ డిజైను మొదట గీసింది నేను, గళ్ళల్లోకి ఎక్కిచ్చింది మీ బావ.

ఇంగ విను. నీ రెండో కవరు మీద ముద్ర తేటగా పడింది చూడు, మూలకు, ముగ్గు పెట్టినట్ల. జరీ డబ్బాల మీద ఇంగ్లీషు కూడబలుక్కోని చదివే మీ బావ భూతద్దం పెట్టి దాన్నీ చదివినాడు. హిందూపురం. ఇద్దరం ఒకరి మొగం ఒకరు చూసుకున్యాము. ఆ మనిషి నవ్వినాడు తిమ్మా. మగ్గం మీద పడి పడి నవ్వినాడు, పక్కింటి చౌడక్క ఏమైందో అని పరిగెత్తుకోని వచ్చింది.

నేను నీకు రాస్తానంటే వద్దన్నాడు. "వాడు నన్ను ఒక దినం కూచోబెట్టినాడు, నేను వాణ్ణి తేరు దాకా తిప్పుతా. మనకు బొమ్మలు కావల్ల, తిరగనీ నాకొడుకును" అన్నాడు. అందుకే కాశ్మీరం పంపినాము, కేరళం పంపినాము. కంబళి కూడా మీ బావ ఆలోచనే. ఎండలో కప్పుకున్యావని సిద్ధమ్మ రాస్తే ఆ జాబు మూడు సార్లు చదివిచ్చుకున్నాడు నా చేత. అవును, నీ పెండ్లాం అప్పటి నుంచి మా పక్కే.

చీర సంగతి చెప్తా. అంచు రెండు పక్కలా స్టాంపు పళ్ళు. స్టాంపు చుట్టూ కొరికినట్ల ఉంటాది చూడు, ఆ పళ్ళు జరీలో. ఒంటి నిండా నీ నిట్టనిలువు చెట్లు. కొంగులో చదరం చదరంగా స్టాంపులు. ఒకదాంట్లో ఏనుగు, తొండంతో. ఒకదాంట్లో వెండి జరీ మంచు కొండ. ఒకదాంట్లో పడవ, నీళ్ళల్లో చెట్టు నీడ. ఒకదాంట్లో జింకలు. కడాన ఒక చదరం మిగిలింది. పెనుకొండ స్టాంపు లేదని నువ్వు రాసిన జాబు చదివి మీ బావ అన్నాడు, "లేకపోతే మనమే వేస్తాం" అని. కోట గోడ, వాకిలి, పైన కొండ. నేను నిన్ను తోసిన చోటు కూడా గుర్తుపట్టొచ్చు.

బెంగళూరు చేనేత ప్రదర్శనకు తీసుకోని పోయినాము. మొదటి బహుమానం మనకే వచ్చింది తిమ్మా! ఆడ ఒక పెద్దామె అన్ని చదరాలూ చూసి "ఈ కొండ ఏ దేశం స్టాంపమ్మా?" అని అడిగింది. "మాదేనమ్మా. సర్కారోళ్ళు ఇంకా వేయలేదు, మేము ముందే నేసినాము" అంటి. బెంగళూరులో వాచ్‌మెన్ పని చేస్తానన్న మనిషికి ఆడ వాచ్‌మెన్ లేచి తలుపు తీసినాడు. సావుకారు తానే ఇంటికొచ్చి పట్టు ఇచ్చి పోయినాడు. మూడు మగ్గాలకు సరిపడా పని.

అసలు తమాషా ఇది. మొన్న పేపరాయప్ప ఫోటో తీసేకి వచ్చినాడు. "అశ్వర్థప్పగారూ, మీ మగ్గాన్ని పటం తీయల్ల" అన్నాడో లేదో, మీ బావ చీపురు ఎత్తుకున్నాడు. "తిమ్మరాజు పంపినాడా నిన్ను? పో, పో!" నేను ఎంత చెప్పినా గడ్డం గీసుకోలేదు, చొక్కా వేసుకోలేదు. పేపరులో పడినాడు చూడు, చినిగిన బనీను, చేతిలో చీపురు, వెనకాల కొంగు పరిచిన చీర. మొగంలో నువ్వే కనపడుతాండావు.

ఇప్పుడు పిలుస్తాండా. రా. మీ బావ మాట ఇది. "గడ్డం గీసుకోని, పట్టుపంచ కట్టుకోని రమ్మను. పొద్దుగూకే దాకా గుంతలో కూచోబెడతా. వీధంతా వచ్చి చూసిపోనీ."

నీ అక్క

*

హిందూపురం,
24 ఏప్రిలు 1999

అక్కా, బావా,

ఓడిపోయినా. ఇంత సంబరంగా ఓడిపోయినోడు ఈ జిల్లాలో ఇంకోడు ఉండడు. పట్టుగూళ్ళ మార్కెట్లో లారీ మీద ఎక్కి జాబంతా గట్టిగా చదివి వినిపిచ్చినా, నన్ను తిట్టిన చోట్లు రెండు సార్లు చదివినా. కంబళి సంగతి వచ్చేసరికి హమాలీలు మూటలు కిందేసి నవ్వినారు. సిద్ధమ్మను ఏమీ అనలేదు. అంటే రాత్రికి సంగటి ఉండదు.

ఈ ఊర్లో దొరికినన్ని పేపర్లు కొన్యా. అక్కా, నువ్వు నన్ను తోసిన చోటు కనపడింది. గోడ అంత ఎత్తు లేదు, నువ్వు రవ్వంత ఎక్కువ గీసినావు. బావా, నీ మొగం చూస్తే చీపురు దెబ్బ హిందూపురం దాకా తగులుతాండాది. ఆ పటం మా ఇంట్లో దేవుని పటాల పక్కనే పెట్టినా. సినిమావాళ్ళు రాలేదు కానీ, వాళ్ళొచ్చింటే నిన్ను ఇంత బాగా తీసిండరు.

గడ్డం గీసుకున్యా. పట్టుపంచ ఇస్త్రీలో ఉండాది. బెల్లం ఓళిగలు సిద్ధమ్మ చేస్తాండాది. గుంతలో కూచుంటా, వీధంతా చూసిపోనీ, వీధి కొసనుండే నాగక్క వాళ్ళను కూడా పిలవండి. ఎండాకాలమైనా కంబళి కప్పుకోనే కూచుంటా.

కవరు మీద చూడండి. పేపరు పటంలో నుంచి మన కొండ చదరాన్ని కత్తిరించి, చుట్టూ పళ్ళు కోసి, స్టాంపు చోట అతికిచ్చి పోస్టాఫీసుకు పోయినా. గుమాస్తా అటు తిప్పి ఇటు తిప్పి చూసినాడు. "ఇది ఏ ఊరప్పా?" అన్నాడు. కథంతా చెప్పినా. ఆయప్ప అత్తగారిల్లు పెనుకొండే అంట! "సర్కారు స్టాంపు ఒకటి పక్కన వేయి, లేదంటే నా ఉద్యోగం పోతాది" అని నవ్వి, ముద్ర తీసుకోని, చూసి చూసి కొట్టినాడు. సగం సర్కారు స్టాంపు మీద పడింది, సగం మన కొండ మీద.

ఈసారి భూతద్దం అవసరం లేదు బావా. తేటగా ఉండాది, చదువుకో. నేను హిందూపురంలోనే ఉండా. ఈ కవరు మీ చేతికి వచ్చేసరికి మీ గడప కాడ ఉంటా.

మీ తిమ్మరాజు